ముల్లు జారినంక

సిమెంటు లేని కాంక్రీటు అంటే
మొదట్ల నవ్విన.
పాలు లేని పెరుగా బిడ్డా, అని అడిగిన.
సబీహా నవ్వలేదు.
రామగుండం బూడిద బస్తా మూతి విప్పి
నా అరచేతిల పిడికెడు పోసింది.
ముఖానికి రాసుకునే పౌడర్ కన్నా మెత్తగుంది.
బొగ్గు కాలి, కరెంటై, మన ఫ్యాన్లు తిప్పి
చివరికి పొగగొట్టం కాడ పట్టుబడ్డది.

కాస్టిక్ సోడా ముందురోజే కలపాలె.
నీళ్లల్ల పడంగనే అది కోపానికొస్తది,
బకెట్ ముట్టుకోనియ్యది.
తెల్లారేదాక చల్లారనిచ్చి
చిక్కటి సిలికేట్ పాకం పోస్తే
బూడిదకు బంక పుడతది.
ఆమె ఎడమ మణికట్టు మీద
గ్లవ్ చిరిగిన నాటి మచ్చ, రూపాయి బిళ్లంత.
యాకుత్‌పురల వాళ్ల తాత గచ్చు మేస్త్రీ అట.
"సున్నం తిన్న చేతులు మా ఇంట్ల కొత్త కాదు ఎల్లేశమన్నా" అంటది.

ఇరవై ఎనిమిదో నాడు క్యూబ్ పెట్టినం.
నూట పంతొమ్మిది టన్నులు మోసి
ఫట్‌మన్నది.
కిటికీ మీది పావురాలు లేచిపోయినయి.
సార్ ఫోన్ల అడిగిండు: ఎంత?
అంకె చెప్పిన.
ఆయనకు అంకె చాలు.
ఇరవై రెండేండ్ల సంది నాకూ అంకె చాలు.
డయల్ మీద ముల్లు ఎక్కుతది, ఆగుతది, వెనక్కి జారుతది.
జారంగనే స్విచ్ ఆపేస్త,
పొరక తీసుకుంట.

ఆమె తర్వాత బీములు పోసింది.
అడుగున నట్టనడుమ రంపంతోటి గాటు,
యాడ పగలాల్నో బీముకు ముందే చెప్పినట్టు.
గాటు మూతికి చిన్న క్లిప్పు.
వెంట్రుకల పదోవంతు తెరుచుకున్నా అది చాడీ చెప్తది.

మొదటి బీము: ముల్లు మీదికి పోయింది,
అంతే, రెండు ముక్కలు.
వంగి చూసిన.
మామూలు కాంక్రీటుల పగులు
కంకరను తప్పుకొని చుట్టు తిరిగి పోతది.
ఇది కంకరనే నడిమికి కోసుకుంట పోయింది.
మౌలాలి దిక్కు క్వారీల రాయి,
దాని లోపలి మెరుపు అప్పుడే మొదటిసారి వెలుతురు చూసింది.
బంక రాయిని వదల్లేదు,
రాయితోటే పోయింది.

మూడో కలుపుల ఉక్కు పోగులు వేసింది,
కొసలు వంగిన సన్న తీగలు, గాలాల లెక్క.
సాయంత్రం ఆరు, తార్నాక మీద వాన.
ముల్లు ఎక్కింది. ఆగింది. జారింది.
నా చెయ్యి స్విచ్ మీదికి పోయింది.
"ఆపకు అన్నా."

జారుతున్నది, పడుతలేదు.
గాటు లోంచి పెన్సిల్ గీతంత ఒకటి
మెల్లగ మీదికి పాకి
ఒక తీగ కాడ ఆగి
ఏమనుకున్నదో, పక్కకు మళ్లింది.
లోపల పోగు ఊడొస్తున్న చప్పుడు,
టిక్.
చాయ్ తాగినంక ఇంకోటి,
టిక్.
కంప్యూటర్ల గీత కుడికి, ఇంకా కుడికి.
దాని కిందున్న జాగంతా
పగలడానికి ఖర్చయిన శక్తి, అన్నది సబీహా.
శిఖరం ఎత్తు దాదాపు పాతదే.
తోకకే కాయితం చాలలేదు.

నాకు బాలానగర్ యాదికొచ్చింది.
ఈ కొలువుకు ముందు, సెంట్రింగ్ పనిల,
నెత్తి మీద స్లాబు కిర్రుమన్నది.
మళ్లొకసారి కిర్రుమన్నది.
ఐదుగురం బయటికి దుంకినం.
సత్తెయ్యకు టిఫిన్ డబ్బా అందుకునేంత టైం కూడ దొరికింది.
ఆ రెండు చప్పుళ్ల నడుమ ఎంతసేపో
ఏ రిజిస్టర్ల లేదు.
నేను ఇక్కడ స్విచ్ నొక్కి ఆపుకుంట వచ్చింది
దాన్నే కావచ్చు.

తొమ్మిదింటికి మెషీన్ తనంతట తనే ఆగింది.
బీము నోరు తెరిచింది, వేలు పట్టేంత,
రెండు సగాలు మాత్రం ఇంకా వేలాడుతున్నయి.
పొద్దున సార్ అడుగుతడు, ఎంత అని.
సబీహా ఆఖరి బస్సుకు ఉరికింది, గొడుగు ఇక్కడనే మరిచి.
పొరక మూలకే ఉన్నది.
ఊడ్వనీకి కింద ఏమీ రాలలేదు.